పక్క వీధి పాట

బర్మామైన్స్, టాటానగర్
జూన్ 1981

బామ్మర్ది జ్ఞానరత్నానికి సవరయ్య తన చేత్తో రాసినది.

ఇంతకుముందు నా ఉత్తరాలన్నీ మీ అక్క చెప్తుంటే మణి రాసేది. మణి మట్టిలోకి వెళ్ళి నాలుగో ఏడు. మీ అక్క నీ ఇంటికొచ్చి ఏడాది దాటింది. ఇంక రాసేవాళ్ళెవరున్నారు, నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఉంటాయి. లోకో షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించిన చెయ్యి ఇది. నీలాగ సుద్దముక్క పట్టిన చెయ్యి కాదు.

ఊరికి వెళ్ళొచ్చిన మా వీధి చినబాబు చేత నువ్వు పంపిన ఖాళీ క్యాసెట్టు అందింది. మణి పాట దాని మీదకి ఎక్కించి పంపమన్నావు. మీ అక్క అడిగిందన్నావు. పంపను.

ఎందుకో చెప్తాను. పాత ఫాదరు గారు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, చక్రాల మీద టేపు తిరిగే స్పూలు మిషను నాకిచ్చి వెళ్ళారు. గుడి గంట, హార్మోనియం, జనరేటరు అన్నీ నేనే బాగుచేసేవాణ్ణి, అందుకిచ్చారు. మరియమాత పండుగ నాడు మణి గుడిలో పాడిన పాట ఉన్న స్పూలు కూడా ఇచ్చారు. అప్పటికి అది పిల్ల పాట, అంతే. ఇప్పుడు పిల్లే అది.

ఆ స్పూల్లో ఏముందో నీకు తెలీదు. పాట మొదలవకముందే పిల్ల ఊపిరి తీసుకుంటుంది. అది వినపడుతుంది. రెండో చరణం అయ్యాక గుటక వేస్తుంది. అదీ వినపడుతుంది. పాట అయిపోయాక మిషను ఆపేశారనుకుని చిన్నగా నవ్వుతుంది. ఆ నవ్వు కోసం నేను పాటంతా వింటాను.

క్యాసెట్టు సంగతి నాకు తెలీదని అనుకోకు. మా వీధిలో గోవిందరావుకి వాళ్ళ అల్లుడు దుబాయి నుంచి క్యాసెట్లు పాడే డబ్బా తెచ్చిచ్చాడు. అది చంకలో పెట్టుకుని వచ్చాడు.

“ఏటి మావా, ఇంకా ఈ చక్రాల బండే తిప్పుతన్నావా? నా దాన్ల ఎక్కించీ. మంచమ్మీద తొంగోని ఇనొచ్చు” అన్నాడు.

సరే ఎక్కించు అన్నాను. ఎక్కించి వినిపించాడు. పాట ఉంది. నవ్వూ లేదు, ఊపిరీ లేదు. చెరువు అడుగున కూర్చుని పాడుతున్నట్టుంది.

“ఊపిరేదిరా?”

“ఊపిరెందుకేటి మావా? పాట వచ్చింది కదా.”

“ఊపిరి లేందాన్ని పాటనరు, శవవంటారు. సెరిపీ” అన్నాను. నా ఎదురుగానే చెరిపించాను. గోవిందరావు ఆనాటి నుంచి నా గుమ్మం ఎక్కలేదు. ఎక్కకపోతే మానె.

మీ అక్కకి మణిని వినాలని ఉంటే బండెక్కి రమ్మను. ఖరగ్‌పూర్‌లో మారడం ఆవిడకి తెలుసు. మిషను ఇక్కడే ఉంది. నేనూ ఇక్కడే ఉన్నాను. సరైన పాట సరైన మిషను మీద వినాలి. డబ్బాల్లో కుక్కి పోస్టులో పంపడానికి నా కూతురు ఎండుచేప కాదు.

సవరయ్య


విజయనగరం
జూలై 1981

పూజ్యులైన బావగారికి జ్ఞానరత్నం నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. ఊపిరి, గుటక అని మీరు రాసిన చోటికి రాగానే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టి “సాల్రా” అంది. ఆ పూట అన్నం తినలేదు.

ఆమె ఎందుకు రానంటుందో మీకు తెలుసునని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మీ ఉత్తరం చూశాక తెలియదని అర్థమైంది. ఆమె మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను, కోపగించకండి.

“మీ బావ ఆ మిషన్ల పాట పెడితే మణి గుంట నా ఈపెనక నిలబడినట్టుంటాది రా. తిరిగి సూత్తే ఉండదు. పొద్దుకి ఎన్నిపాల్లు తిరిగి సూడ్నురా నాను? ఆయన కళ్ళు మూసుకోని ఇంటాడు. నాను కళ్ళు మూసుకోనేను.”

మరి క్యాసెట్టు ఎందుకక్కా అని అడిగాను.

“డబ్బాలోదైతే పక్క ఈదిలో ఎవులో పాడినట్టుంటాది. మన గుంట పక్క ఈదిలో పాడతంది, ఇంటికి మాత్రం రాదు. అలగైతే నాను ఇనగల్ను” అంది.

బావగారూ, మీరు లేదన్న ఊపిరే ఆమెకు వద్దు. నాసిగా ఉంటేనే ఆమె తట్టుకోగలదు. ఇందులో తప్పేముంది?

ఇంకొక సంగతి. ఇది రాయవద్దంది, అయినా రాస్తున్నాను. అక్కకు మణి గొంతు గుర్తు రావడం లేదు. మొన్న గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయింది. “మొకం వత్తంది రా. జడ వత్తంది. గొంతు రాటం నేదు. అమ్మా అని ఎలగ పిలిసీదో తెచ్చుకుందావంటే నీ కూతురు గొంతు వత్తంది” అని అక్కడే బూడిద చేతులతో కూలబడింది.

నవంబరులో సమాధుల పండుగ వస్తోంది. పిల్ల సమాధి అక్కడ, ఆమె ఇక్కడ. కొవ్వొత్తి వెలిగించడానికి ఇక్కడ ఆమెకు చోటు లేదు. కనీసం ఆ రోజుకు పాటైనా ఉంటే ఆ పాట ముందు వెలిగించుకుంటానంటోంది. నేను చిన్న టేప్ రికార్డరు కొన్నాను. మీరు క్యాసెట్టు పంపితే చాలు.

మీ జ్ఞానరత్నం


బర్మామైన్స్
ఆగస్టు 1981

రత్నానికి.

కన్నతల్లి కూతురి గొంతు మర్చిపోవడమేమిటి? నేను మర్చిపోలేదే. ఎందుకు మర్చిపోలేదు? రోజూ వింటున్నాను కాబట్టి. ఆవిడ చెవులు మూసుకుని పారిపోయింది కాబట్టి మర్చిపోయింది. ఈ మాట చదివి వినిపించు. దాచకు.

నిరుడు ఈస్టరు పండుగ మర్నాడు ఏం జరిగిందో నీకు చెప్పి ఉండదు. నేను పాట పెట్టాను. ఆవిడ వంటగదిలోంచి వచ్చి తిరుగుతున్న చక్రం మీద తడిచెయ్యి వేసి నొక్కింది. “ఆపీ! ఆపీయ్! సచ్చిపోన గుంటని రోజూ నడిపింటిలోకి తేకు” అంది. టేపు మెలికపడింది. ఒక్క మాటన్నాను. చెయ్యి తియ్యి, లేకపోతే ఇంట్లోంచి పో అన్నాను. పోయింది. పొమ్మన్నాను గనక పోయింది, రమ్మంటున్నాను గనక రావాలి. మళ్ళీ మళ్ళీ రమ్మని అడగడం నాకు రాదు.

ఇంకో సంగతి. ఈ వేసవి నుంచి పాట కొంచెం మసకబారింది. మిషను తప్పు కాదు, ధూళి. ఇక్కడి ధూళి నీకు తెలీదు, మీ అక్కని అడుగు. ఉదయం ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగులో ఉండేదో చెబుతుంది. కంచం తుడిస్తే గోధుమరంగు, తలగడ దులిపితే గోధుమరంగు. టేపు నడిచే దారి పొడుగునా అదే పొడి కనపడింది. కార్ఖానా పొగగొట్టాలు ఎవరి ఇంటినీ వదలవు కదా, నా మిషనుని వదులుతాయా?

బేరింగులు కడిగినవాణ్ణి, నాకొకరు చెప్పాలా? గుడ్డ మీద రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, మడతపెట్టి, ఆ మడతలోంచి టేపంతా లాగాను. గుడ్డ గోధుమరంగైపోయింది. చూశావా ఎంత మురికో. మళ్ళీ లాగాను, మళ్ళీ రంగు దిగింది. ప్రతి ఆదివారం పూజ నుంచి రాగానే ఇదే పని పెట్టుకున్నాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదలను. అప్పుడు పాట అద్దంలా ఉంటుంది. అప్పటికి మీ అక్క వస్తే మంచిది.

క్యాసెట్టు అలమరలో ఉంది. అక్కడే ఉంటుంది.

సవరయ్య


విజయనగరం
సెప్టెంబరు 1981

బావగారికి.

మీరు చదవమన్నట్టే చదివాను. “పారిపోనాను, నిజవే” అంది.

నిన్న జరిగింది రాస్తాను. మా బడిలో చదివే ఒక ఆడపిల్ల మా వీధిన వెళుతోంది. మణి ఈడుదే. అక్క గడపలోంచి దిగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, “ఓలమ్మా, ఒక్కపాలి అమ్మా అని పిలు. పిలిసి పో” అందట. పిల్ల హడలిపోయి చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. సాయంత్రం ఆ పిల్ల తల్లి మా గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచింది. “మేస్టారూ, మీ అప్పకి ఎర్రెక్కితే గదిలో ఎట్టి గొళ్ళెం ఎట్టుకోండి” అంది. అక్క లోపల కూర్చుని అంతా విన్నది. బడిపంతుల్ని, తలవంచుకుని క్షమించమన్నాను.

ఇంత జరుగుతుంటే మీరు చక్రాలు తుడుచుకుంటున్నానని రాస్తారా? మీరు వింటున్నది పిల్లనా, మిషనునా? గోవిందరావు గారి డబ్బాలో ఊపిరి లేదని చెరిపించారు. ఆ ఊపిరి లేని పాటే ఈ ఇంట్లో ఒక మనిషిని నిలబెట్టి ఉండేది. పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ సమాధుల పండుగలోగా ఆ క్యాసెట్టు రాకపోతే, ఇక మీదట మీ ఉత్తరాలు అక్కకు చదవను.

జ్ఞానరత్నం


బర్మామైన్స్
అక్టోబరు 1981

రత్నానికి.

క్యాసెట్టు పంపుతున్నాను. చినబాబు మళ్ళీ ఊరికి వెళ్తున్నాడు, అతని చేతికిచ్చాను. ఎండలో పెట్టొద్దని చెప్పాను.

జుగ్సలాయిలో తెలిసిన మెకానిక్కు చేత ఎక్కించాను. బాగా లేదనుకోవద్దు. క్యాసెట్టంటే అంతే కదా. మొదట్లో కొంత రాదు. మధ్యలో కూడా అక్కడక్కడ రాదు. చప్పుడు బాగా పెంచి, చెవి దగ్గర పెట్టుకుని వినమను.

మీ అక్క ఆరోగ్యం ఎలా ఉంది? దగ్గు ఉందా? ఆ గుమ్మంలోకి వచ్చి అరిచిన మనిషి మళ్ళీ వస్తే నాకు రాయి.

సవరయ్య


విజయనగరం
నవంబరు 1981

బావగారికి.

క్యాసెట్టు అందింది. సమాధుల పండుగ సాయంత్రం బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, టేప్ రికార్డరు పెట్టి, దాని ముందు అక్క కొవ్వొత్తి వెలిగించింది. నా భార్య, నేను వెనక కూర్చున్నాం. అక్క ఉతికిన చీర కట్టుకుంది. బయల్దేరి ఎవరింటికో వెళుతున్నట్టు తల దువ్వుకుంది.

పాట పెట్టాను. చాలాసేపు బుస్సుమని చప్పుడు. తరవాత ఎవరో గోడ అవతల మూలుగుతున్నట్టు వచ్చింది. పెంచాను. రాగం తెలిసింది, మాట తెలియలేదు. అక్క టేప్ రికార్డరు ఎత్తి చెవికి ఆనించుకుంది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. ఆ తరవాత తనే కొవ్వొత్తి ఊదేసింది.

“ఇది నా గుంట కాదు” అంది.

క్యాసెట్టులో అలాగే ఉంటుందక్కా, బావగారు ముందే రాశారు కదా అన్నాను.

“నాకు సెప్పకు. మీ బావ పంతానికి ఎవుల గుంట పాటో ఎక్కించి పంపినాడు. దీనికి గొంతు గుర్తు నేదు కదా, ఏదైతే ఏటి అనుకున్నాడు” అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తల్లి అయి కూడా పోల్చుకోలేకపోయానేమోనని లోపల భయం, మీరు మోసం చేశారని పైకి కోపం. ఈ రెంటి మధ్యా తిరుగుతోంది.

నేనూ పోల్చుకోలేకపోయాను. ఆ గొంతు మణిదేనా? మీరు అబద్ధం ఆడరని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను, నిజం రాయండి.

జ్ఞానరత్నం


బర్మామైన్స్
నవంబరు 1981

రత్నానికి. ఈ ఉత్తరం పైకి చదవకు. నువ్వొక్కడివే చదువుకుని పొయ్యిలో పెట్టు.

అది మణే.

నువ్వు వీధిలో జరిగింది రాశాక క్యాసెట్టు ఎక్కించడానికే ఒప్పుకున్నాను. మిషను, స్పూలు రిక్షాలో పెట్టుకుని జుగ్సలాయి వెళ్ళాను. అక్కడ సర్దార్జీ రేడియోలు బాగుచేస్తాడు. పెట్టి విన్నాడు. ఇంత మందంగా వస్తోందేమిటి అన్నాడు. ధూళి, మా బర్మామైన్స్ ధూళి, నేను వారం వారం తుడుస్తూనే ఉన్నాను, ఇంకా వదల్లేదు అన్నాను. దేంతో తుడిచావన్నాడు. చెప్పాను. చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

“ధూల్ నహీ హై, బాబా” అన్నాడు. ధూళి కాదు అని. ఆ గోధుమరంగు పొడి టేపు మీద పూసి ఉంటుందట. పాట ఉండేది ఆ పొడిలోనేనట. టేపు పాతబడితే కాస్త కాస్త రాలుతుందట. ముట్టుకోకుండా వదిలేస్తే ఇంకా ఏళ్ళు వచ్చేదట. నేను కిరసనాయిలుతో నానబెట్టి గుడ్డతో గీకాను.

నేను నమ్మలేదు. నీకేం తెలుసు అని అరిచాను. అతను టేపు రెండు చేతులతో సాగదీసి బల్బుకి అడ్డంగా పట్టుకున్నాడు. అవతల బల్బు కనపడింది. కొత్త టేపు తీసి అలాగే పట్టుకున్నాడు. కనపడలేదు. ఇంక నేను అరవలేదు.

గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదలనన్నాను. తెల్లగా వచ్చింది.

మిగిలినంత ఎక్కించమన్నాను. అదే నీకు పంపింది. ఇప్పుడు స్పూల్లో ఆ మాత్రం కూడా రావడం లేదు. గోవిందరావు డబ్బాలోదైనా ఉండవలసింది. దాన్నీ నేనే చెరిపించాను. ఆ పాట మంచిగా ఉండాలనే ఇదంతా చేశాను, రత్నం. ఎవరికో చెరుపు చేద్దామని కాదు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. మీ అక్క అన్నదే నిజమని చెప్పు. బావ పంతానికి వేరే పిల్ల పాట పంపాడట, ఒప్పుకున్నాడు, మణి పాట అక్కడ భద్రంగా ఉందట అని చెప్పు. నన్ను తిట్టుకోనీ. తిట్టుకుంటే తిండి తింటుంది. నా జీవితంలో అబద్ధం ఆడింది లేదు. ఇదొక్కటి నా బదులు నీ నోటితో ఆడు.

సవరయ్య


విజయనగరం
డిసెంబరు 1981

బావగారికి.

మీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. మీరు చెప్పమన్నట్టే చెప్పాను.

అక్క ముఖం చూసి ఉండవలసింది. మిమ్మల్ని తిట్టింది. మీ నాయన్ని, మీ తాతని కూడా వదల్లేదు. తిడుతూనే పీట లాక్కుని కూర్చుని, “సూసినావా, నాను సెప్పనేదేటి? నా గుంట గొంతు నాకు తెల్దేటి? మరిసిపోతే కాదని ఎలగ సెప్తాను?” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మొన్న మా గుమ్మంలో అరిచి వెళ్ళినావిడకి కూడా పిలిచి చెప్పింది. రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకుంది. అంతవరకు బాగానే ఉంది.

నిన్న పెట్టె కిందకి దింపింది. వస్తానంటోంది. “గొంతు గుర్తుంది కదా, ఇంక నాకు బయం నేదు. గుంట ఈపెనక నిలబడితే నిలబడనీ. ఆయన ముందల కూకోని ఇంటాను” అంటోంది. క్రిస్మస్ సెలవుల్లో తీసుకెళ్ళమని నా ప్రాణం తోడేస్తోంది. ఏదో సాకు చెప్పి ఆపుదామని చూశాను, వినడం లేదు.

క్యాసెట్టు కూడా గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. ఎందుకక్కా అంటే, “ఎవుల గుంటో పాపం. ఆల్లమ్మ ఎతుక్కుంటాది. తీసుకెళ్ళి ఇచ్చీమని మీ బావకి సెప్తాను” అంది. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఏం చెయ్యమంటారు? నిజం చెప్పెయ్యనా? చెబితే తన పిల్లను తనే కాదన్నానని ఆమెకు తెలుస్తుంది. మీ జవాబు కోసం చూస్తుంటాను.

జ్ఞానరత్నం


బర్మామైన్స్
డిసెంబరు 1981

రత్నానికి.

తీసుకురా. నువ్వేమీ చెప్పొద్దు.

స్టేషనుకి నేనొస్తాను. ప్లాట్‌ఫారం మీదే చెప్తాను, ఇంటిదాకా నడిపించి చెప్పను. స్పూలు ధూళి అనుకుని తుడిచి తుడిచి నేనే పాడుచేశాను, అందులో ఇంక మణి లేదు అని చెప్తాను. అది నిజమే కాబట్టి నాకు చెప్పడం వస్తుంది. ఎప్పుడు పాడైందని అడిగితే, మీరొస్తున్నారని నువ్వు ఉత్తరం రాసిన తరవాత అంటాను. నువ్వు పెట్టెలు పట్టుకుని కాస్త దూరంగా నిలబడు. కొడితే కొట్టనీ, మధ్యలోకి రాకు. అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోతానంటే ఎదురు చెప్పకుండా బండెక్కించు. ఇంటికి వస్తానంటే, ఇంట్లో ఏమీ లేదని తెలిసి రావాలి.

క్యాసెట్టు సంగతి మాత్రం నిజం చెప్పను. నువ్వూ చెప్పొద్దు, నేను పోయాక కూడా చెప్పొద్దు. అది మణి కాదు. ఆవిడకి మణి గొంతు గుర్తుంది. అదొక్కటీ ఆవిడ దగ్గరే ఉండనీ.

ఆవిడ తెచ్చి నా చేతికిస్తే తీసుకుంటాను. ఆ పిల్ల తల్లికి అందజేస్తానంటాను. ఏ తల్లి, ఏ వీధి అని అడుగుతుంది. అడక్కుండా ఉండదు, మీ అక్క సంగతి నాకు తెలుసు. ఏం చెప్పాలో ఇంకా దొరకలేదు. బండి వచ్చేలోగా చూస్తాను.

సవరయ్య